సెలవుల గడిలో నేను రాయని పండుగ

మా బావ ఆరేళ్ల కిందట నూలు పున్నమి రోజున దేవుడి పని వదిలేసి కిరాయికి పోయాడని మా తెలుగు నేతగాళ్ల పేట నీలం నగర్‌లో అందరికీ తెలుసు. ఎలా తెలుసంటే, నేను చెప్పాను కాబట్టి. అది అబద్ధం. ఆయన వదిలేసి పోలేదు, నేనే పంపించాను.

ఈ నాలుగు ముక్కలు రాసి ఊరుకుందామనుకున్నాను. మా అక్క ఒప్పుకోలేదు. "ఎట్ల చేసినవో మొత్తం రాయి. సగం రాస్తే మల్ల నువ్వే మంచోడివయితవ్" అంది. నా గురించి ఆమెకు తెలిసినంత నాకు తెలియదు. అందుకని మొత్తం రాస్తున్నాను.

అప్పట్లో మాకు ఒకటే టెంపో ఉండేది. ఇప్పుడు 'మాకు' అని రాస్తున్నాను గాని, ఆ రోజుల్లో 'నాకు' అనేవాణ్ని. కాగితాలు నా పేరు మీద, స్టీరింగు మా అక్క మొగుడి చేతిలో. పవర్‌లూమ్ కార్ఖానాల దగ్గర టవళ్ల బేళ్లు, చద్దర్ల బేళ్లు ఎత్తుకొని ట్రాన్స్‌పోర్టు గోదాములో దింపడం మా పని. ఎత్తేది, దింపేది ఇద్దరమూ. బావ అంతకు ముందు పదిహేనేళ్లు మగ్గాల మీద పని చేశాడు. మగ్గం ముందు నిలబడినవాడు ఎవరితో మాట్లాడుతున్నా ఒక చెవి పడుగు మీదే ఉంచుతాడు, ఎక్కడ పోగు తెగుతుందోనని. బావ బండిని కూడా అలాగే నడిపేవాడు. అక్కల్‌కోట్ రోడ్డు మీద మమ్మల్ని సైకిళ్లు దాటిపోయేవి. ఒకసారి ఒక పెద్దావిడ మా బండి ఆగి ఉందనుకొని దాని ముందు నుంచి తాపీగా రోడ్డు దాటింది. బావ ఆమెను దాటనిచ్చి, "ఆమెకేం తొందర లేదు, మనకేంది?" అన్నాడు.

ఆ నిదానం వల్లనే మగ్గం బండి ఆయనకు దక్కింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. నూలు పున్నమి రోజు మా పేటల్లో మగ్గం ఆడదు. కొత్త జంధ్యాలు వేసుకుంటారు, మార్కండేయ స్వామి ఊరేగింపు బయలుదేరుతుంది. దానిలో ఒక్కో వాడకట్టు ఒక్కో బండి కడుతుంది. మా వాడకట్టుది మగ్గం బండి. టెంపో మీద చేతిమగ్గం బిగించి, దానిమీద భవాని పేట్ తాత ఒకాయన కూర్చుని, బండి కదిలిన దగ్గర నుంచి గుడి చేరేదాకా గుడ్డ నేస్తూనే ఉంటాడు. గుడి ముందు మగ్గం మీది నుంచి కోసి, ఆ గుడ్డనే స్వామికి కప్పుతారు. ముందే నేసి ఉంచడం, కొనుక్కొచ్చి కప్పడం మావాళ్ల దృష్టిలో మోసం. దారిలో మొదలై దారిలోనే పూర్తి కావాలి.

కదిలే బండి మీద నేయడం ఎంత కష్టమో నేతగాడికి చెప్పనక్కరలేదు. బండి ఒక్కసారి గుంజుకుంటే పడుగు పోగులు తెగుతాయి. బ్రేకు గట్టిగా పడితే అడ్డపోగును మోసే నాడె ఎగిరి జనంలో పడుతుంది. బావ నడిపిన తొమ్మిదేళ్లలో నాడె ఒక్కసారి కూడా కింద పడలేదు. తాత నన్ను చూపించి అందరికీ చెప్పేవాడు, "వీని బావ కాలు క్లచ్చు మీద ఉండదుర, నా తొక్కుడు చెక్క మీద ఉంటది" అని. బావ ఏడాదంతా ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆ మాట విన్న రోజు మాత్రం అక్కతో రెండుసార్లు చెప్పేవాడట.

ఆ ఊరేగింపులో నాకూ ఒక పని ఉండేది. బండికి పది అడుగుల ముందు నడవాలి. రాళ్లు పక్కకు తీయాలి. గుంత వస్తే చెయ్యెత్తి అరవాలి. తొమ్మిదేళ్లు అరిచాను. పదో ఏడు నేను ఓనర్‌ని అయ్యాను.

అదెలాగంటే, అక్కల్‌కోట్ రోడ్డు మీద ఒక పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఆఫీసు తెరిచింది. ఎగుమతి టవళ్లను గోదాముల నుంచి పుణె వైపు తరలించే పని వాళ్లది. వాళ్లకు సొంత బండ్లు లేవు. ఇంకెవరి దగ్గరో ఆ పని తీసుకొని, దాన్ని ముక్కలు చేసి మాలాంటి వాళ్లకు ఇచ్చేవారు. ఆ 'ఇంకెవరో' కూడా మరొకరి దగ్గర తీసుకున్నారని తర్వాత తెలిసింది. నా పైన ముగ్గురు, నా కింద నలుగురు. మధ్యలో నేను. బేలు ఎత్తేది మాత్రం బావ ఒక్కడే.

షరతు ఏమిటంటే అయిదు బండ్లుండాలి. సొంతవైనా సరే, అటాచ్ చేసుకున్నవైనా సరే. నేను నాలుగింటిని అటాచ్ చేసుకున్నాను. ఒకటి మంచినీళ్ల డబ్బాలు మోసేది, ఒకటి కూరగాయలది. మూడోది పెళ్లిళ్లకు కుర్చీలు, గిన్నెలు మోసేది. దాని వెనక వధూవరులకు శుభాకాంక్షలు అని రాసి ఉండేది. కంపెనీ వాళ్లు తుడిపించమన్నారు, దాని మాలక్ తుడిపించలేదు. నాలుగోదానికి రివర్సు గేరు పడేది కాదు. దాన్ని ఎప్పుడూ మూతి బయటికే ఉండేటట్టు పెట్టించేవాణ్ని. ఈ అయిదింటికీ కలిపి నేను కార్డులు అచ్చు వేయించాను, 'ఫ్లీట్ ఓనర్స్ అండ్ లాజిస్టిక్స్' అని. మొదటి కార్డు అక్కకు ఇచ్చాను. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో వాళ్ల గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. వెనకా ముందూ తిప్పి చూసింది.

"ఓనర్లు అన్నవ్. ఇంకొకడెవడురా?"

"అట్ల రాస్తరక్కా. కంపినీ పద్ధతి."

"మరి మీ బావ పేరేది?"

"డ్రైవర్ల పేర్లు కార్డు మీద రాయరు."

"గట్లనా" అని ఆ కార్డును చాట కింద పెట్టింది. చాట ఊగకుండా ఉండడానికి పనికొచ్చిందనుకుంటాను.

ఒప్పందం కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. మేనేజరు పాతికేళ్ల కుర్రవాడు, అందరినీ పార్ట్‌నర్ అనేవాడు. ఎక్కడ సంతకం పెట్టాలో చూపిస్తూ పోయాడు, నేను పెడుతూ పోయాను. ఒక పేజీ దగ్గర మాత్రం తనే ఆగాడు. అది సెలవుల పేజీ. జెండా పండుగలు, దీపావళి, అన్నీ అచ్చు వేసి ఉన్నాయి. వాటి కింద ఖాళీ గడి ఒకటి ఉంది. అతను పెన్ను దాని మీద పెట్టి మరాఠీలో అడిగాడు, "తుమ్చ్యాత్ కాహీ సణ్ అసతో కా?" మీవాళ్లలో ప్రత్యేకంగా ఏదైనా పండుగ ఉంటుందా అని.

ఈ భాగాన్ని మొదట దాటేద్దామనుకున్నాను. కంపెనీ మీద తోసేస్తే సగం పాపం పోతుంది. కాని ఆ కుర్రవాడు అడిగాడు. పెన్ను తెరిచి పట్టుకున్నాడు. ఒక్క మాట రాయిస్తే ఆ రోజుకు నా బండ్లు రావని వాళ్లు ముందే రాసుకునేవాళ్లు. ఆ గది చల్లగా ఉంది, కుర్చీ గుండ్రంగా తిరుగుతోంది, గాజు పలక మీద నా కొత్త కార్డు ఉంది. చేతిమగ్గాన్ని టెంపో మీద పెట్టుకొని డప్పులతో తిరుగుతామని ఆ గదిలో చెప్పడానికి నాకు సిగ్గేసింది.

"మాకు అట్లాంటివేం లేవు సార్. మాది ప్రొఫెషనల్" అన్నాను.

అతను ఆ గడిలో అడ్డంగా గీత గీశాడు. పెద్ద ఓనర్‌లా తల ఊపాను.

పున్నమికి రెండు రోజుల ముందు ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఓడకు ఎక్కాల్సిన సరుకు, పున్నమి రోజు పొద్దున ఎనిమిదింటికి అయిదు బండ్లూ గోదాము ముందు ఉండాలి. నా నాలుగు అటాచ్ బండ్ల వాళ్లకు ఫోన్ చేశాను.

"పున్నమ నాడా? నీకు బీమారిగిట్ల ఉందా?" అన్నాడు నీళ్ల బండివాడు.

కూరగాయల వాడు నేను తమాషా చేస్తున్నాననుకొని చాలాసేపు నవ్వాడు. కుర్చీల బండివాడు, "కంపినీవోణ్నే ఊరేగింపుకు పిలువుర, పులిహోర పెడదాం" అన్నాడు. రివర్సు గేరు లేనివాడు ఫోన్ ఎత్తలేదు.

మేనేజరు దగ్గరికి వెళ్లి బండ్లు రిపేరుకు వచ్చాయని చెప్పాను. ఎన్ని అన్నాడు. నాలుగు అన్నాను. ఒకే రోజు నాలుగూ పాడవడం అతనికి కొత్తగా అనిపించినట్టుంది. కనీసం ఒక్కటైనా రావాలి, రాకపోతే వచ్చే పనిలో మీ పేరు ఉండదు పార్ట్‌నర్ అన్నాడు. నా దగ్గర ఉన్న ఆ ఒక్కటీ మగ్గం బండి.

అప్పుడు నేను రెండు అబద్ధాలు తయారు చేశాను. ఒకటి బావకు, ఒకటి పంచ్‌లకు, అంటే మా వాడకట్టు పెద్దలకు.

బావతో అన్నాను, "ఈసారి పంచ్‌లు వేరే బండి మాట్లాడిండ్రు బావా. పెద్దదట, కొత్తదట."

ఆయన టైర్లలో గాలి చూస్తున్నాడు. లేవలేదు. "నన్ను వద్దన్నరా?"

"వద్దని కాదు. ఈ ఒక్కసారికి."

"తాత ఏమన్నడు?"

"తాత ఏమంటడు? సరేనన్నడు."

బావ ఆ టైరుకు గాలి సరిపోయిందో లేదో ఇంకోసారి చూశాడు. "మరి పున్నమ నాడు మనం ఇంట్ల ఉండి చేసేదేముంది? కిరాయి ఉంటే చెప్పు, పోత" అన్నాడు. నేను అడగకముందే ఆయన నోటితోనే వచ్చింది. అప్పుడు అది నా తెలివి అనుకున్నాను.

పంచ్‌లకు పున్నమి పొద్దున్నే చెప్పాను. బావకు పుణెకు పెద్ద కిరాయి దొరికిందని, ఎంత చెప్పినా వినకుండా తెల్లారేసరికే పోయాడని, అయినా ఏం పర్వాలేదు, నేను వేరే లారీ తెచ్చానని. నేను మాట ఇస్తే తప్పనని కూడా అన్నట్టు గుర్తు.

ఆ లారీ చెరకు ఫ్యాక్టరీకి చెరకు మోసేది. డ్రైవరు మంచివాడే, కాని అతని జీవితంలో చెరకు ఎప్పుడూ నెమ్మదిగా పొమ్మనలేదు. మగ్గం బిగిస్తుంటే, "హే కాయ్ ఆహే?" అన్నాడు, ఇదేంటని. చెప్పాను. దేవుడి పని అని దండం పెట్టుకొని, మొదటి గేరులోనే బండిని ఒక్క గెంతు గెంతించాడు. మొదటి పోగులు అక్కడే తెగాయి. తాత ముడేశాడు. రెండో గెంతుకు మళ్లీ ముడేశాడు. ఆ రోజు బండి ముందు నడవడానికి ఎవరూ లేరు. నేను కొత్త తెల్ల చొక్కాతో కేబిన్‌లో డ్రైవరు పక్కన కూర్చున్నాను, ఓనర్ కదా. చౌక్ దగ్గర ఒక గుంత ఉంది. తొమ్మిదేళ్లు దాన్ని చూసి అరిచింది నేనే. కేబిన్‌లోంచి అది కనిపించలేదు.

లారీ గుంతలో దిగింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. వెనక మగ్గం ఒక జానెడు జరిగింది, నాడె ఎగిరి డప్పుల వాళ్ల మధ్య పడింది. నేను దిగి వెనక్కి పోయేసరికి సగం పడుగు తెగి, పోగులు తాత ఒళ్లో పడి ఉన్నాయి. ఆయన వాటిని దువ్వుతున్నట్టు వేళ్లతో సవరించాడు. తర్వాత కత్తెర అడిగాడు. అప్పటికి రెండు జానల గుడ్డ అయింది. దాన్ని కోసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకొని, "దింపుండ్రి నన్ను" అన్నాడు. ఆ ఏడు మా వాడకట్టు తరపున స్వామికి దుకాణంలో కొన్న గుడ్డ కప్పారు.

చుట్టూ ఉన్నవాళ్లు ఒకటే మాట. "వాని బావ ఎక్కడ?" "కిరాయికి పోయిండట." "పున్నమ నాడా?" "పైసలు ముద్దయినయ్." నేను అక్కడే ఉన్నాను. తెల్ల చొక్కాకు అంటిన దుమ్ము దులుపుకుంటున్నాను.

బావ మర్నాడు సాయంత్రం వచ్చాడు. మేమిద్దరం ఎప్పుడూ ఆగే చాయ్ హోటల్ దగ్గర ఆగాం. మూల బల్ల దగ్గర కూర్చున్న పంచ్ ఒకాయన గట్టిగానే అన్నాడు, "ఏం బావగారూ, దేవుని కంటె కిరాయి ఎక్కువొచ్చిందా?"

బావకు అర్థం కాలేదు. ఇంకొకాయన అందుకున్నాడు. "తాతను రోడ్డు మీద దింపినంకనే పుణె మంచిగ కనవడ్డదేమో."

అప్పుడు బావ నా వైపు చూశాడు. నేను చాయ్‌లో ఉఫ్ అని ఊదుతున్నాను, అది అప్పటికే చల్లారిపోయింది. ఆయన నన్ను అంతసేపు ఎప్పుడూ చూడలేదు. రెండు అబద్ధాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకొని చూసుకున్నాడని ఇప్పుడు అనుకుంటాను. తర్వాత ఆ పంచ్ వైపు తిరిగి, "ఔ మాలక్, ఎక్కువనే వచ్చింది" అన్నాడు.

చాయ్ పూర్తిగా తాగాడు. టెంపో తాళం చెవి నా గ్లాసు పక్కన పెట్టాడు. మర్నాటి నుంచి మళ్లీ కార్ఖానాలో మగ్గాల మీదికి పోయాడు.

ఆయన నన్ను ఎందుకు కాపాడాడో నేను ఇప్పటికీ అడగలేదు. బామ్మర్ది అబద్ధాలకోరు అని ఊరికి తెలిస్తే పెళ్లాం తలెత్తుకోలేదని కావచ్చు. నేనైతే ఆ రోజు, బావ కూడా ఒప్పుకున్నాడు కాబట్టి అది అబద్ధమే కాదని తీర్మానించుకున్నాను.

ఒక్క బండైనా రాని రోజు లేదని కంపెనీ నాకు ఒక కాగితం ఇచ్చింది. బంగారు అంచు, నిండు హాజరు పార్ట్‌నర్ అని. ఫ్రేము కట్టించి ఇంట్లో దేవుడి పటం ఎదురుగా పెట్టాను. అక్క మరుసటి పున్నమికి రాఖీ కట్టడానికి రాలేదు. ఆ తర్వాత ఎప్పుడో అమ్మను చూడడానికి వచ్చి, దాని ముందు నిలబడింది.

"ఏందిరా ఇది?"

"సర్టిఫికేట్. హాజరు బాగుందని."

"ఎవరు హాజరైండ్రు?"

నేను ఫ్రేము మీది దుమ్ము తుడిచాను. ఆమె జవాబు కోసం అడిగినట్టు లేదు.

రెండేళ్లయ్యాక ఆ కంపెనీ మాలాంటి వాళ్లందరినీ తీసేసి ఫోనులోనే బండ్లు పిలిచే పద్ధతి పెట్టింది. నా నలుగురూ ఎవరి పనికి వాళ్లు పోయారు. కుర్చీల బండి మీద శుభాకాంక్షలు ఇంకా ఉన్నాయి. నాకు మళ్లీ ఒక టెంపో, డబ్బా నిండా కార్డులు మిగిలాయి. మధ్యలో కరోనాకు రెండేళ్లు ఊరేగింపు జరగలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ రెండు పున్నములూ నాకు హాయిగా గడిచాయి. మిగతా ఏళ్లలో మగ్గం బండిని ఎవరెవరో నడిపారు, తాత ముళ్లు వేసుకుంటూ నేశాడు. బావ ఆ రోజు తలుపు దగ్గరికి వేసుకొని ఇంట్లో కూర్చునేవాడు.

ఈ నెల మొదట్లో పంచ్‌లు కూర్చున్నారు. తాతకు ఎనభై దాటాయి, ఇదే చివరిసారి అన్నాడు. "ఈ ఒక్క తాప పాత డ్రైవరును పిలువుండ్రి. ముళ్లు లేని గుడ్డ ఇచ్చి పోత" అన్నాడు.

"వాణ్నా? కిరాయి దొరికితే మల్ల పోడా?" అన్నారు ఎవరో. అందరూ నవ్వారు. నవ్వడానికి నా నోరు కూడా తెరుచుకుంది. ఆరేళ్ల అలవాటు.

ఎందుకో లేచి నిలబడ్డాను. చెప్పాను. సెలవుల గడి నుంచి చాయ్ హోటల్ దాకా. మధ్యలో ఒకాయన నన్ను తిట్టాడు, ఆ తిట్టు ఇక్కడ రాయను. ఇంకొకాయన, "అంటే ఆ చెరుకు లారీని ముందుగాల్నే మాట్లాడినవా? తెలిసే తెచ్చినవా?" అని పదే పదే అడిగాడు, మిగతాదంతా క్షమించినా అది క్షమించలేనట్టు. తాత మాత్రం చివరిదాకా విని, "ఈ రెండు మాటలకు ఆరేండ్లు పట్టిందార నీకు? గింత టైముల నేను ఎన్ని చద్దర్లు నేసేటోణ్ని" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా విడీ ఘర్కుల్ వెళ్లాను. అక్క గుమ్మంలోనే ఉంది.

"చెప్పిన అక్కా. అందరి ముందట."

"అందరంటే ఎంతమంది?"

"పదిహేను మంది ఉంటరు."

"వాడకట్టుల ఎన్ని ఇండ్లున్నయ్?"

ఆమె ఆకులో పొగాకు పరిచి, చుట్టి, దారం కట్టి పక్కన పడేసింది. "పదిహేను మందికి చెప్పి ఇంటికొస్తవా? మిగిలినోళ్లకు మా ఆయన ఇంక దొంగనేనా?"

"రాస్తనక్కా. పున్నమకు సంఘపోళ్లు పంచే పుస్తకంల ఏస్తరట."

అప్పుడే ఆమె మొత్తం రాయమంది. సగం రాస్తే ఏమవుతుందో కూడా అప్పుడే చెప్పింది.

బావ లోపల నుంచి అంతా విన్నాడు. బయటికి వచ్చి గడప మీద కూర్చున్నాడు. తప్పయింది బావా అన్నాను.

"బండి క్లచ్చు ఎట్లుంది?" అన్నాడు.

"జర పట్టేస్తుంది."

"ప్లేటు మార్పియ్. నేను నడుపుత." లేచి లోపలికి పోతూ, "నువ్వు కేబిన్‌ల కూసోకు. ముందట నడువు" అన్నాడు.

ప్లేటు మార్పించాను. పున్నమికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. నిన్న పొద్దున ఆ దారంతా ఒకసారి నడిచి చూసుకొచ్చాను. రోడ్డు చాలా చోట్ల కొత్తగా వేశారు. చౌక్ దగ్గరి గుంత మాత్రం అలాగే ఉంది, ఇంకొంచెం పెద్దదైంది. అక్కడ నిలబడి, చెయ్యెత్తి, ఒకసారి అరిచి చూశాను. పక్కన పండ్ల బండివాడు ఏమైందని అడిగాడు. ఏం లేదు, గొంతు ఉందో లేదో చూసుకుంటున్నానని చెప్పాను.